2001 ఎ స్పేస్ ఒడిస్సీ: అన్నీ వదిలేయండి, చివర్లో ఆ గ్లాసు ఎందుకు పగిలింది?

నిద్రపట్టనివాడు:
రాత్రి ఈ సినిమా రెండోసారి చూశా. మొదటిసారి ఫోన్‌లో పెట్టుకుని సగంలో నిద్రపోయా, ఒప్పుకుంటున్నా. ఈసారి లైట్లన్నీ ఆపేసి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నా. మొదట్లో కోతుల దగ్గర్నుంచి, ఓడని నడిపే కంప్యూటర్ హాల్ పాట పాడుతూ పాడుతూ గొంతు సాగిపోయి చచ్చిపోయేదాకా బానే అర్థమైంది, ఆ నల్ల రాయి కూడా ఎవరో పెట్టి వెళ్లారులే అని సర్దుకుపోయా. కానీ ఆ రంగుల సొరంగం అయ్యాక వ్యోమగామి బౌమన్ ఒక తెల్ల గదిలో తేలతాడు చూడండి, నేలంతా కింద నుంచి వెలుగు, గోడలకి పాతకాలం పెయింటింగులు, అక్కడ నా బుర్ర ఆగిపోయింది. తనని తనే చూసుకోవడం, ముసలాడైపోవడం, భోంచేస్తూ గ్లాసు పడగొట్టడం, తర్వాత మంచం, తర్వాత అదే మంచం మీద ఆ బిడ్డ. అంత జాగ్రత్తగా తీసే మనిషి గ్లాసు ఊరికే పగలగొట్టించడు కదా? "ఎవరికి ఎలా అనిపిస్తే అదే అర్థం" అనే జవాబు మాత్రం వద్దు ప్లీజ్, అది వినీ వినీ విసుగొచ్చింది.

పాతరీలు:
గది సంగతి వరకు చెప్తా. స్క్రిప్ట్ డైరెక్టర్ కుబ్రిక్, రచయిత ఆర్థర్ సి. క్లార్క్ కలిసి రాశారు, క్లార్క్ నవల కూడా 1968లోనే వచ్చింది. నవల్లో వెళ్లేది శని దగ్గరికి, సినిమాలో గురుడి దగ్గరికి, అలాంటి తేడాలున్నా గది మాత్రం నవల్లో స్పష్టంగా ఉంటుంది. మన టీవీ ప్రసారాలు చూసి ఆ రాయి పెట్టిన గ్రహాంతర జీవులు కట్టిన హోటల్ గది లాంటిది అది, షెల్ఫులో పుస్తకాలు ఉత్త డమ్మీలు, తిండి డబ్బా ఏది విప్పినా లోపల ఒకటే నీలం పదార్థం. 1980లో ఒక జపాన్ జర్నలిస్టు ఫోన్ చేస్తే కుబ్రిక్ కూడా దాదాపు ఇదే చెప్పాడు: బౌమన్‌ని జూలో జంతువుని పెట్టినట్టు పెట్టారు, మనిషికి నచ్చుతుందనుకుని ఫ్రెంచ్ స్టైల్లో గది కట్టారు, అదీ సరిగ్గా కుదర్లేదు, కావాలనే అలా తీశాం అని. ఆ రికార్డింగు చాలా ఏళ్లకి 2018లో బయటికొచ్చింది. అంటే గది మిస్టరీ తీరిపోయినట్టే.

నిద్రపట్టనివాడు:
జూ అన్నది బావుందండి, ఆ నేల వెలుగు ఎందుకంత ఇబ్బందిగా ఉందో ఇప్పుడర్థమైంది. కానీ గ్లాసు?

గుర్రంఎత్తు:
గ్లాసుకి వస్తా, ముందు చెస్ చెప్పనివ్వండి. బౌమన్ తోటి వ్యోమగామి ఫ్రాంక్, హాల్ ఆడే గేమ్ గుర్తుందా, హాల్ "క్వీన్ టు బిషప్ త్రీ" అంటాడు. ఎత్తులు చెప్పే ఆ పాత పద్ధతిలో ఎవరి గళ్లు వాళ్ల వైపు నుంచి లెక్కపెట్టాలి, హాల్‌వి నల్ల పావులు కాబట్టి "సిక్స్" అనాలి. పైగా వాడు చెప్పిన వరసలోనే ఆడి తీరాలని కూడా లేదు, ఫ్రాంక్ ఆ క్వీన్‌ని కొట్టకుండా ఇంకో రెండెత్తులు లాగొచ్చు. కానీ ఫ్రాంక్ ఏం చేశాడు, బోర్డు వంక ఒకసారి చూసి నిజమేలే అని ఓడిపోయానని ఒప్పేసుకున్నాడు. చెక్ కూడా చెయ్యలేదు! అది కావాలని పెట్టారా, షూటింగ్‌లో దొర్లిందా అని జనం ఇప్పటికీ కొట్టుకుంటారు, నాకైతే కావాలనే అనిపిస్తుంది, ఎందుకంటే తర్వాత భూమితో మాట్లాడే యాంటెన్నాకి సంబంధించిన ఏఈ-35 యూనిట్ 72 గంటల్లో పోతుందని హాల్ చెప్పడం, విప్పి చూస్తే దానికేమీ లేకపోవడం, తప్పు మనుషులదే అయ్యుంటుందని హాల్ తేల్చేయడం, అంతా ఒకే దారి.

ఇప్పుడు గ్లాసు. అక్కడ హాల్ లేడు, మెషీన్ లేదు, చెయ్యి తగిలింది పగిలింది అంతే. ఇప్పుడు మొదట్లో కోతిని గుర్తు తెచ్చుకోండి. ఎముకల కుప్ప ముందు కూర్చుని ఏమీ తోచనట్టు ఒక ఎముకతో టిక్కు టిక్కుమని కొడుతుంటే పక్కది ఎగిరి పడుతుంది, అక్కడ పుట్టింది ఆయుధం. రెండు చోట్లా యాక్సిడెంటే, రెండు చోట్లా దాని వెనకాలే జాతి మారిపోయింది.

ఎడిటింగ్‌బల్ల:
గుర్రంగారూ, చెస్ వరకు ఓకే, మిగతాది లాగుతున్నారు. ఈ సినిమాలో సగం మిస్టరీ కత్తెర వల్ల వచ్చింది. మొదట్లో సైంటిస్టుల ఇంటర్వ్యూలు పెట్టాలని నిజంగానే షూట్ చేశారు, తీసేశారు. కథ చెప్పే గొంతు పెడదామనుకున్నారు, తీసేశారు. గ్రహాంతర జీవుల్ని చూపిద్దామని రకరకాలుగా ట్రై చేసి మానేశారు. ప్రీమియర్ అయ్యాక కూడా ఇంకో 19 నిమిషాలు కోశాడు మహానుభావుడు. వివరణలన్నీ పీకేస్తే మిగిలింది మనకి ఉపనిషత్తులా కనిపిస్తోంది. ఇంకో సంగతి, కోతి ఎముక పట్టుకునే ముందు ఒక్క క్షణం ఆ రాయిని కట్ చేసి చూపిస్తాడు, అంటే అది యాక్సిడెంట్ కాదు, రాయి బుర్రలో పెట్టిన ఆలోచన. మీ పోలిక అక్కడే పోయింది.

గుర్రంఎత్తు:
రాయి షాట్ మర్చిపోయా, ఆ పాయింటు మీదే. కానీ అన్నీ పీకేసినాయన గ్లాసుని ఎందుకు ఉంచాడంటారు? కోసేయడానికి అంతకంటే తేలికైన షాట్ ఇంకోటి లేదు.

మౌనవ్రతం:
కుండ పగిలితే లోపలి ఆకాశానికి ఏమవుతుంది అనే పాత ప్రశ్నే కదా ఇది. గ్లాసు పోయింది, కాసేపటికి ఒళ్లూ పోయింది.

ఎడిటింగ్‌బల్ల:
వచ్చేసింది వేదాంతం, ఇంకా రాలేదేంటా అని చూస్తున్నా 😄

నిద్రపట్టనివాడు:
ఇప్పుడే ఆ ముక్క మళ్లీ వేసి చూశా, రెండుసార్లు. గ్లాసు పగిలేదాకా గదిలో అంత నిశ్శబ్దం, ఆ చప్పుడికి నేనే ఉలిక్కిపడ్డా. కింద ముక్కల వంక చూస్తాడు, అప్పుడు మెల్లగా తలెత్తితే మంచం మీద ఇంకా ముసలాడైన తనే. రాయి ఆ తర్వాతే వస్తుంది, మంచం చివర. ఎడిటింగ్‌బల్లగారూ, మీరన్న లెక్కలోనే చూస్తే కోతి దగ్గర రాయి ముందు, చెయ్యి తర్వాత. ఇక్కడ చెయ్యి ముందు, రాయి తర్వాత. ఈసారి ఎవరూ బుర్రలో ఏమీ పెట్టకుండానే జరిగింది. ఇది నాకే అలా కనిపిస్తోందా? మళ్లీ కోతుల దగ్గర్నుంచి పెట్టా, ఇవాళ కూడా నిద్ర లేనట్టే.