పొమ్మనుటే చాలా, పొమ్మనుటే చావా?

నల్లగొండ టీచర్:
వేమన పద్యం ఒకటి రెండు రోజులుగా బుర్రలోంచి పోవడం లేదు. అదే, "చంపదగినయట్టి శత్రువు తనచేత, చిక్కెనేని కీడు సేయరాదు, పొసగ మేలు చేసి...". మూడో పాదం చివర "పొమ్మనుటే చాలు" అని బళ్లో చదివాను. మా తాత మాత్రం "పొమ్మనుటే చావు" అనేవాడు. మిర్యాలగూడ పరువు హత్య కేసు తీర్పు మీద స్టాఫ్ రూమ్‌లో మాటా మాటా పెరిగినప్పుడు ఇది మళ్లీ పైకొచ్చింది. 2018 సెప్టెంబరు 14న ఆస్పత్రి బయట, కడుపుతో ఉన్న భార్య కళ్లముందే ప్రణయ్ అనే దళిత పిల్లవాణ్ణి నరికారు. 2025 మార్చి 10న మా నల్లగొండ కోర్టు నరికినవాడికి ఉరి, మిగతా ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఉరి వద్దన్న సారు ఈ పద్యాన్ని "చాలు" అని చదివారు. ఉరే సరి అన్న మేడమ్ అదే పద్యాన్ని "చావు" అని చదివి, వేమన కూడా చావే అన్నాడు కదా అన్నారు. అసలు పాఠం ఏది?

తెనాలి మాష్టారు:
ముందు పాదం సరిగ్గా రాసుకుందాం. చాలామంది "పొమ్మనుటె" అని హ్రస్వం పెడుతున్నారు. ఆటవెలది మూడో పాదం: పొసగ, మేలు, చేసి. మూడూ సూర్యగణాలు. ఆ తర్వాత పొమ్మను (భ), టేచాలు (త). ఇక్కడ "టె" అంటే చివరిది జగణమై కూర్చుంటుంది, అది ఇంద్రగణాల్లో లేదు. కాబట్టి "టే" దీర్ఘమే. ఇక చాలు, చావు రెండూ గురులఘువులే. యతి పొ-పొ ముందే కుదిరింది. ఛందస్సు మనకు తీర్పు చెప్పదు.

హనుమకొండ:
మాష్టారూ, గణాలు సరే, అర్థం చూడండి. "చాలు" అంటే పద్యం చప్పబడిపోతుంది. చంపదగినవాడే అని మొదటి పాదంలో ఒప్పుకున్న మనిషి చివరికి "సరే, చాలు పో" అంటాడా? మేలు చేసి పంపడమే వాడికి చావు, అది వేమన దెబ్బ. పైగా ఈ ఆలోచనకు మూలం భాగవతంలోనే ఉంది. నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపిన అశ్వత్థామను కట్టి తెచ్చాక ఏం చేశారు? "వపనం ద్రవిణాదానం స్థానాన్నిర్యాపణం తథా, ఏష హి బ్రహ్మబంధూనాం వధో". తల గొరగడం, సొమ్ము లాక్కోవడం, ఉన్నచోటినుంచి వెళ్లగొట్టడం. ఇదే వధ అంది. వెళ్లగొట్టడమే వధ అయినప్పుడు పొమ్మనుటే చావు కాదా?

ఒంగోలు:
ఆ శ్లోకాన్ని సగంలో ఆపారు. "వధో నాన్యోఽస్తి దైహికః" అని కూడా ఉంది. అలాంటివాళ్లకు శరీరాన్ని చంపే శిక్ష లేదు అని. ఎవరికి లేదు? బ్రహ్మబంధువులకు, పుట్టుకతో మాత్రమే బ్రాహ్మణులైనవాళ్లకు. అంటే పుట్టుకను బట్టి ఉరి తప్పించే నియమం అది. కులం పేరుతో ఒక దళిత యువకుణ్ణి నరికిన కేసు మీద మొదలైన చర్చలోకి దాన్ని తెచ్చి వేమనకు అంటగట్టడం నాకు అసలు మింగుడుపడదు. కులాన్ని అంతగా దులిపేసిన మనిషి ఆ శ్లోకాన్ని పట్టుకుని పద్యం కట్టాడా?

హనుమకొండ:
అమ్మా, నేను నియమాన్ని సమర్థించలేదు. భావం ఎక్కడిదో చెప్పానంతే. అక్కడ మేలు చేసి పంపలేదు, తల గొరిగి పంపారు. వేమన దాన్ని తిప్పి "పొసగ మేలు చేసి" అన్నాడు. అదే ఆయన కలిపింది.

విశాఖ ప్లీడరు:
మీరందరూ చివరి అక్షరం దగ్గరే ఆగారు. నాకు "తనచేత" ముఖ్యం. తన చేతికి చిక్కితే కీడు చేయరాదు అన్నాడు. పగ ఉన్న మనిషికి చెప్పిన మాట అది. జడ్జికి నిందితుడు శత్రువు కాదు, చిక్కింది ఆయన చేతికీ కాదు. కాబట్టి ఉరికి అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ ఈ పద్యాన్ని కోర్టులోకి తేలేం. కోర్టుకు కొలబద్ద వేరు. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పెట్టింది. పత్రికలు "అత్యంత అరుదైన కేసు" అని తేల్చేస్తాయి గానీ, నేరం ఎంత ఘోరమో చూస్తే సరిపోదు, యావజ్జీవం ఏమాత్రం చాలదని కూడా తేలాలి. అక్కడ "చాలు" అనే మాటకే అసలు బరువు.

ఆ కొలబద్ద ఎంత సాగుతుందో 2025 జనవరి 20న చూశాం. ఒకే రోజు రెండు తీర్పులు. కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆస్పత్రి డాక్టరు హత్యాచారం కేసులో సియాల్దా కోర్టు ఇది అరుదైన వాటిలో అరుదైనది కాదంటూ చనిపోయేదాకా జైలు వేసింది. కేరళలో ప్రేమించినవాడికి విషం పెట్టి చంపిన యువతికి నెయ్యాటింకర కోర్టు ఉరి వేసింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పటినుంచి నాకు మనశ్శాంతి లేదు. జడ్జిని బట్టి ప్రాణం పోవడం, ఉండటం అనేది న్యాయవ్యవస్థకు మంచిది కాదు. సెషన్స్ కోర్టు వేసిన ఉరిని హైకోర్టు ధ్రువీకరించాలన్న నియమం ఉంది కాబట్టి కొంత నయం.

నల్లగొండ టీచర్:
ప్లీడరు గారూ, యావజ్జీవం అంటే 14 ఏళ్లేగా అని మా మేడమ్ కోపం.

విశాఖ ప్లీడరు:
కాదమ్మా. యావత్ + జీవం. ప్రాణం ఉన్నంత కాలం. 1961లోనే సుప్రీంకోర్టు గోపాల్ గోడ్సే కేసులో చెప్పింది. హత్యలాంటి కేసుల్లో ప్రభుత్వం ముందే విడుదల చేయాలనుకున్నా కనీసం 14 ఏళ్లు లోపల ఉండాలన్నది వేరే నియమం. అది అడుగు హద్దు, జనం దాన్నే శిక్ష అనుకుంటున్నారు. తీర్పులు రాసే రిపోర్టర్లయినా ఈ ముక్క ఒక్కసారి వివరిస్తే బాగుండు.

తెనాలి మాష్టారు:
యావజ్జీవంలో త్‌కు జ్ రావడం శ్చుత్వం. సరే, అసలు సంగతికి వద్దాం. బ్రౌను 1829లో వేమనను అచ్చు వేశాడు. అక్కడినుంచి మొదలుపెట్టి పాత ప్రతులు చూడాలి. నోటి పాఠాన్ని నమ్మితే ఊరికో వేమన తయారవుతాడు.

హనుమకొండ:
వేమన బతికిందే నోటి పాఠంలో మాష్టారూ. టీచరమ్మ తాత నోట "చావు" ఉందంటే అదీ ఒక ప్రతే.

ఒంగోలు:
నా ఓటు "చాలు"కే. "చావు" అంటే మేలు చేయడం కూడా పగ తీర్చుకునే ఉపాయమే అవుతుంది. అప్పుడు "కీడు సేయరాదు" అన్న మాట అబద్ధమవుతుంది, చావుకన్నా కీడేముంది?
ఇంకో మాట. అశ్వత్థామ ఘట్టం ఎత్తారు కాబట్టి పోతన ద్రౌపదిని వదిలి వెళ్లలేను. కొడుకుల్ని చంపినవాడు ఎదురుగా ఉంటే ఆమె అడిగింది: "భద్రాకారులఁ జిన్నిపాపల రణప్రౌఢక్రియాహీనులన్, నిద్రాసక్తుల సంహరింప నకటా! నీ చేతు లెట్లాడెనో?" వాళ్లు నీమీదికి రాలేదు, ఆయుధాలు పట్టలేదు, నీకు ద్రోహం చేయలేదు అని ఒక్కొక్కటే చెప్పి, అప్పుడు అడిగింది. ఏ చార్జిషీటుకైనా ఇంతకన్నా ఏం కావాలి? ఆ తర్వాత ఆమే విడిచిపెట్టమంది, వాడి తల్లి నాలా ఏడవకూడదని. బాధితురాలి మాట అంటే నాకు అదే గుర్తొస్తుంది.

హనుమకొండ:
నిజం. "నీ చేతు లెట్లాడెనో" ఇప్పటికీ మా దగ్గర సజీవంగా ఉంది. ఎక్కడైనా పసిపిల్లను చంపితే ఆ ఇంటి ఆడవాళ్లు "చేతులెట్లాడినయ్ రా నీకు" అని గుండెలు బాదుకుంటారు. పోతన మా బమ్మెర మనిషి అనడానికి ఆ "ఎట్ల" చాలు.

కడప:
అన్నా, ఒంటిమిట్ట చుట్టుపక్కల కూడా మేం "ఎట్ల" అనే అంటాం. ఒక్క మాట పట్టుకుని పోతనను లాక్కుపోతే ఎట్ల?

తెనాలి మాష్టారు:
ఇద్దరూ తొందరపడుతున్నారు. అక్కడ "ఎట్ల" లేదు. ఎట్లు + ఆడెనో. ఉత్వసంధి.

కడప:
ఉత్వసంధి అని మీరు ఎట్లు తేల్చినారు మాష్టారూ? ఎట్ల + ఆడెనో అన్నా, అత్వసంధి చేస్తే ఎట్లాడెనోనే కదా వచ్చేది.

నల్లగొండ టీచర్:
అయ్యా, సోమవారం స్టాఫ్ రూమ్‌లో వాళ్లిద్దరికీ ఏం చెప్పాలి?

తెనాలి మాష్టారు:
"టే" దీర్ఘమని చెప్పమ్మా, అంతవరకు ఖాయం. కడపవారికి: కావ్యభాషలో "ఎట్లు" ఉకారాంతం. పోతనలోనే ఇంకొన్ని ప్రయోగాలు తీసి రేపు పెడతాను.