ఫింగర్ లేక్స్‌లో రీస్లింగ్ వైన్ ఎలా ఎంచుకోవాలి?

అందరికీ నమస్కారం. మేం న్యూజెర్సీలో ఉంటాం. అక్టోబరులో నేనూ మా ఆవిడా న్యూయార్క్ రాష్ట్రంలోని ఫింగర్ లేక్స్‌కి వెళ్తున్నాం. సెనెకా, క్యూకా సరస్సుల చుట్టూ వైనరీలు చాలా ఉన్నాయి, ఏవి చూడాలో తేలడం లేదు. క్యూకా ఒడ్డున 1962లో మొదలైన డాక్టర్ కాన్‌స్టంటిన్ ఫ్రాంక్ వైనరీకి మాత్రం తప్పకుండా వెళ్తాం. అంత చలిలో యూరప్ ద్రాక్ష బతకదని అంటున్న రోజుల్లో ఆయన పండించి చూపించారు. ఆ తోటను కళ్లారా చూడాలని నాకు చాలా కోరిక.

అసలు సందేహం రీస్లింగ్ అనే వైట్ వైన్ గురించి. డ్రై (తీపి లేనిది), సెమీ డ్రై (కాస్త తీపి ఉన్నది), స్వీట్ అని రకాలున్నాయి. పులుపు బాగా ఉంటే కాస్త తీపి ఉన్నా నాలుకకు తెలియదంటారు. మరి కొన్ని సీసాల వెనక వేసే తీపి స్కేల్‌ని నమ్మి కొనొచ్చా? ఇంట్లో గోంగూర మాంసం, కోడి వేపుడు కారంగానే చేస్తాం. వాటికి సెమీ డ్రై నప్పుతుందని నాకనిపిస్తోంది, తాగి చూసినవాళ్లు చెప్పండి.

మా ఆవిడకు రెడ్ ఇష్టం. అక్కడి కాబర్నే ఫ్రాంక్ అనే రెడ్ వైన్ బాగుండే చిన్న వైనరీలు సెనెకా వైపు ఏమైనా ఉన్నాయా? ఇంకోటి, డ్రైవింగ్ నాదే. రుచి చూసి ఉమ్మేస్తే అక్కడివాళ్లు ఏమీ అనుకోరు కదా?