నెట్ నుంచి వచ్చే మిర్చి ధరలను ఫైల్‌లో రాయకుండా నేరుగా మెమరీలోకి తీసుకునుడు ఎట్ల? (సీ షార్ప్, విన్‌ఫామ్స్)

గంజ్ లెక్కలు:

అందరికీ నమస్తే. మలక్‌పేట గంజ్‌ల, అంటే మార్కెట్‌ల, మా నాయినకు మిర్చి కమీషన్ దుకాణం ఉంది. నేను బీకామ్ చదివి, అమీర్‌పేటల మైత్రీవనం దగ్గర ఆరు నెలలు డాట్‌నెట్ నేర్చుకున్న. దుకాణం ప్రోగ్రామ్ నేనే రాసిన. నాలుగేండ్ల నుంచి తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ), హమాలీ, దడ్వాయి (తూకం కూలి), కమీషన్ లెక్కలన్నీ దాంట్లనే నడుస్తున్నయి. విన్‌ఫామ్స్, డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8.

దాంట్ల ధరల స్క్రీన్ ఒకటి ఉంది. ప్రభుత్వం వాళ్ల డేటా డాట్ జీవోవీ డాట్ ఇన్‌ల మార్కెట్ల ధరలు ఏపీఐగా (ప్రోగ్రామ్ నేరుగా అడిగి తీసుకునేటట్టు) దొరుకుతయి కదా, అందులకెల్లి గుంటూరు, ఖమ్మం, వరంగల్ మిర్చి వరసలు తెచ్చి చూపెడుతది. క్వింటాకు కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువగా పలికిన ధర. ఇప్పటిదాకా నేను చేసింది ఇది: వెబ్‌క్లయింట్‌ల డౌన్‌లోడ్‌ఫైల్‌తో టెంప్ ఫోల్డర్ల ఒక సీఎస్‌వీ (కామాలతో విడదీసిన వరసల ఫైల్) రాసుడు, దాన్ని తెరిచి గ్రిడ్‌ల నింపుడు.

పోయిన నెల ఏమైందంటే, కల్వకుర్తి దిక్కు నుంచి ఒక రైతు 22 బస్తాల తేజ రకం మిర్చి తెచ్చిండు. అమ్మాల్నా, కోల్డ్ స్టోరేజీల పెట్టాల్నా అని నాయినను అడిగిండు. నాయిన స్క్రీన్ చూసి గుంటూరు ధర చెప్పిండు. ఆ మాట మీద ఆయన అమ్ముకున్నడు. సాయంత్రం తెలిసింది, స్క్రీన్ మీద ఉన్నది మూడు రోజుల కిందటి ధర. క్వింటాకు 700 తేడా. పైన మాత్రం ఆ రోజు తేదీ ఉండె, ఎందుకంటే తేదీ నేను కంప్యూటర్ గడియారం నుంచి తీసి పెట్టిన. నాయిన ఆ రైతు దగ్గర కమీషన్ తీసుకోలే. అయినా ఆ రాత్రి ఆయన సరిగ్గ తినలే. ముప్పై ఏండ్ల నుంచి గంజ్‌ల ఆయన మాటకు ఉన్న విలువ అది.

కారణం తర్వాత దొరికింది. సీజన్ల మేము కంప్యూటర్ బంద్ చెయ్యం. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే, మూడు రోజుల కింద మూసేసిన ప్రోగ్రామ్ లోపల ఇంకా నడుస్తనే ఉంది, ఆ సీఎస్‌వీని పట్టుకొని. కొత్తగా తెరిచిన ప్రోగ్రామ్‌కు ఆ ఫైల్ చదవొస్తున్నది గానీ రాయొస్తలేదు. డౌన్‌లోడ్ ఎర్రర్ ఇస్తున్నది, ఆ ఎర్రర్‌ను నా క్యాచ్ (ఎర్రర్ వస్తే పట్టుకునే కోడ్, నాది ఖాళీగ ఉండె) మింగుతున్నది, కింద లైన్ల పాత ఫైల్ చదువుతున్నది.

ఇగ నాకు ఈ ఫైలే వద్దు. నెట్ నుంచి వచ్చింది వచ్చినట్టు మెమరీల పెట్టుకొని అక్కడి నుంచే చదవాలె. మొత్తం 200 కేబీ కూడా ఉండదు. ఎట్ల చెయ్యాలె?


కూకట్‌పల్లి కోడర్:

గంజ్ లెక్కలు గారూ, ముందు సులువైన మాట. నెట్ నుంచి వచ్చే ప్రతి బైటూ ఎలాగూ మొదట మెమరీలోకే వస్తుంది. డౌన్‌లోడ్‌ఫైల్ దాన్ని తీసుకెళ్లి డిస్క్ మీద రాస్తోంది, మీరు మళ్లీ డిస్క్ నుంచి మెమరీలోకి తెచ్చుకుంటున్నారు. మధ్యలో ఆ ప్రయాణం మానేయడమే. అదే వెబ్‌క్లయింట్‌లో డౌన్‌లోడ్‌డేటా అని ఉంది, అది బైట్ అర్రే (బైట్ల వరస) ఇస్తుంది. దాన్ని మెమరీస్ట్రీమ్‌లో (మెమరీలోనే ఉండి ఫైల్‌లా చదవనిచ్చేది) వేసి, స్ట్రీమ్‌రీడర్‌కు ఇస్తే, ఫైల్‌ను చదివిన కోడే ఒక్క అక్షరం మారకుండా పనిచేస్తుంది.

కొత్తగా రాసేటట్లయితే హెచ్‌టీటీపీక్లయింట్ వాడండి, గెట్‌బైట్‌అర్రేఅసింక్. వెబ్‌క్లయింట్‌ను డాట్‌నెట్ 6 నుంచి వాడొద్దని గుర్తు పెట్టేశారు. కానీ క్లయింట్ వస్తువును ప్రోగ్రామ్ మొత్తానికి ఒక్కటే చేసుకోండి. ప్రతి క్లిక్‌కూ కొత్తది చేసి పారేస్తే కనెక్షన్లు వెంటనే వదలవు, పోగుపడతాయి. బటన్ క్లిక్‌లో మీ అసింక్ (జవాబు వచ్చేదాకా స్క్రీన్‌ను ఆపని) పద్ధతిని డాట్ రిజల్ట్ పెట్టి పిలవకండి, స్క్రీన్ బిగుసుకుపోతుంది. అవెయిట్ పెట్టండి. టైమవుట్ మామూలుగా 100 సెకన్లు ఉంటుంది. రైతు ఎదురుగా నిలబడి ఉన్న దుకాణంలో అది చాలా ఎక్కువ, 15 చేయండి.

అయితే ఒకటి చెప్పాలి, ఏమీ అనుకోకండి. మీ నాన్నగారిని ఇబ్బంది పెట్టింది ఫైల్ కాదు, ఆ ఖాళీ క్యాచ్. ఫైల్ తీసేసి మెమరీలోకి మార్చి, క్యాచ్ అలాగే ఉంచితే ఏమవుతుంది? పొద్దున తెచ్చిన జాబితా మెమరీలో ఉంటుంది, మధ్యాహ్నం నెట్ పోతుంది, ఎర్రర్ మింగేస్తారు, పొద్దుటి ధర స్క్రీన్ మీద అలాగే ఉంటుంది. సీజన్‌లో ప్రోగ్రామ్ మూయరు కాబట్టి మూడు రోజులైనా ఉంటుంది. జబ్బు అదే, చోటు మారింది అంతే.

అందుకని ఇలా చేయండి. కొత్త జాబితాను పక్కన విడిగా కట్టండి. బైట్లన్నీ వచ్చి, ప్రతి వరసా చదవగలిగి, మీకు కావలసిన మూడు మార్కెట్లూ అందులో కనబడ్డాకే దాన్ని పాత జాబితా స్థానంలో పెట్టండి. ముందే గ్రిడ్ ఖాళీ చేయొద్దు. పైన చూపించే తేదీ కంప్యూటర్‌ది కాకూడదు, డేటాలో ప్రతి వరసకూ సరుకు వచ్చిన తేదీ ఉంటుంది కదా, అది చూపించండి. ఆ తేదీ రోజు, నెల, సంవత్సరం వరసలో వస్తుంది. విండోస్‌లో ప్రాంతం అమెరికా అని ఉంటే 05/03 ని మే 3 అనుకుంటుంది. 12 దాటిన తేదీలకే ఎర్రర్ ఇస్తుంది, మిగతావి నోరు మూసుకుని తప్పుగా చదువుతుంది. పార్స్‌ఎగ్జాక్ట్ వాడి వరస మీరే చెప్పండి.


గంజ్ లెక్కలు:

అన్నా, మీరు చెప్పింది నిజం. క్యాచ్ సంగతి చదివినంక జర సేపు కుర్చీల అట్లనే కూసున్న. ధరల పని రాత్రే మార్చిన, మంచిగ నడుస్తున్నది.

అదే ఊపుల రైతుల జాబితా కూడా మెమరీలోకి మార్చిన. అది మేము కిరాయికి తీసుకున్న సర్వర్ మీద ఉంటది, దుకాణంల ఉన్న రెండు కంప్యూటర్లు దాన్నే తెచ్చుకుంటయి. పేర్లు, ఊర్లు తెలుగులనే ఉంటయి, ఎందుకంటే తక్‌పట్టీ తెలుగుల ఇస్తేనే రైతు చదువుకుంటడు. ఎంత వచ్చిందో చూపెట్టే పట్టీ కావాలని దీనికి గెట్‌బైట్‌అర్రే వాడలే. స్ట్రీమ్ తీసుకొని 4,096 బైట్ల బఫర్‌తో (వచ్చింది కొంచెం కొంచెం పట్టుకునే చోటు) చదువుతూ, వచ్చిన ముక్కను వచ్చినట్టు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్‌8 (అక్షరాలను బైట్లుగ రాసే పద్ధతి) గెట్‌స్ట్రింగ్‌తో స్ట్రింగ్ చేసి కలుపుతున్న.

ఇప్పుడు కల్వకుర్తిల "వ" పోయింది. దాని జాగల ప్రశ్నార్థకం ఉన్న నల్ల డబ్బాలు వస్తున్నయి. మళ్ల తెరిస్తే కల్వకుర్తి బాగనే ఉంటది, వేరే ఎవరిదో పేరు ఖరాబైతది. ఇంట్ల ఒక తీరు, దుకాణంల ఒక తీరు. ఫైల్ పద్ధతిల నాలుగేండ్లు ఒక్కసారి కూడా ఇట్ల కాలే. సర్వర్ మీద ఫైల్ చూసిన, శుభ్రంగ ఉంది.


అక్షరం బైట్లు:

అక్కా, ఇది తెలుగులో ప్రోగ్రాములు రాసేవాళ్లందరికీ ఒక్కసారైనా తగిలే దెబ్బ. ఇంగ్లిష్ పేర్లయితే ఇది మీకు ఎప్పటికీ కనబడేది కాదు.

యూనికోడ్‌లో తెలుగు గుర్తులన్నీ యూటీఎఫ్ 8లో ఒక్కొక్కటి 3 బైట్లు. "వ" అంటే 224, 176, 181 అనే మూడు బైట్లు. అక్షరమే కాదు, గుడి, కొమ్ము, పొల్లు కూడా ఒక్కొక్కటి మూడే. కల్వకుర్తిని విడదీసి చూడండి: క, ల, పొల్లు, వ, క, కొమ్ము, ర, పొల్లు, త, గుడి. పది గుర్తులు, 30 బైట్లు.

ఇప్పుడు మీ 4,096 బఫర్. అంతా తెలుగే ఉందనుకున్నా అందులో 1,365 గుర్తులు పూర్తిగా పడతాయి, 1 బైట్ మిగులుతుంది. ఆ ఒక్క బైట్ తర్వాతి గుర్తు తల. తల ఒక ముక్కలో, మొండెం ఇంకో ముక్కలో. ప్రతి ముక్కనూ విడిగా గెట్‌స్ట్రింగ్‌కు ఇస్తే అది ఆ తలనూ గుర్తుపట్టదు, తర్వాత వచ్చే మొండేన్నీ గుర్తుపట్టదు, రెండు చోట్లా నల్ల డబ్బా పెడుతుంది.

ప్రతిసారీ వేరే పేరు పాడవడానికి కారణం, రీడ్ ప్రతిసారీ 4,096 నిండా ఇవ్వాలని లేదు. అప్పటికి నెట్ నుంచి ఎంత చేరితే అంతే ఇస్తుంది, ఒకసారి 1,400, ఒకసారి 4,096, ఒకసారి 52. కోత ఎక్కడ పడితే అక్కడి అక్షరం తెగుతుంది. ఇంటి నెట్ వేరు, దుకాణం నెట్ వేరు, అందుకే తీరు మారింది. ఫైల్ పద్ధతిలో మొత్తం రాశాకే చదివారు కాబట్టి కోత పడలేదు.

చేయవలసింది చిన్నదే. ముక్కలను స్ట్రింగ్ చేయకండి, బైట్లుగానే మెమరీస్ట్రీమ్‌లోకి రాస్తూ పోండి. ఎంత చదివిందో అంతే రాయండి, బఫర్ మొత్తం కాదు. రీడ్ 0 ఇచ్చాకే అయిపోయినట్టు. అప్పుడు పొజిషన్‌ను 0 చేయండి (ఇది మరిచిపోతే రీడర్ చివరన నిలబడి ఏమీ లేదంటుంది, నేను ఒక సాయంత్రమంతా దీనికే పోగొట్టుకున్నాను), తర్వాత స్ట్రీమ్‌రీడర్‌తో ఒక్కసారి చదవండి. గెట్‌బఫర్ వాడితే వెనక వాడని ఖాళీ చోటు కూడా వస్తుంది, టుఅర్రే వాడండి.

ఎంత వచ్చిందో చూపే పట్టీ గురించి: మొత్తం ఎంతో సర్వర్ చెప్పే కంటెంట్ లెంత్‌ను పూర్తిగా నమ్మొద్దు. ముక్కలుగా పంపే సర్వర్ అసలు చెప్పదు. జిప్ చేసి పంపితే జిప్ చేసిన కొలత చెబుతుంది, మీకు వచ్చేది దానికంటే ఎక్కువ ఉంటుంది. జాబితా మీ సొంతమే కదా, చివర ఒక వరసలో మొత్తం ఎంతమందో రాసి పెట్టండి. అది రాకపోతే జాబితా సగంలో తెగినట్టే, పాతదే ఉంచుకోండి.


ఈసీఐఎల్ పాత సీ ప్లస్ ప్లస్:

పైన ఇద్దరూ చెప్పింది సరైనదే. సీ ప్లస్ ప్లస్‌లో ఇదే పని చేసేవాళ్ల కోసం రెండు మాటలు. విండోస్ వాళ్ల నెట్ లైబ్రరీ విన్‌ఇనెట్‌లో ఇంటర్నెట్‌రీడ్‌ఫైల్ అనే పేరు చూసి ఫైల్ అనుకోకండి, అది మీరిచ్చిన మెమరీలోకే చదువుతుంది. అది ట్రూ ఇచ్చి, చదివిన బైట్లు 0 అంటేనే ముగింపు. ఫాల్స్ అంటే ముగింపు కాదు, ఎర్రర్. ఇంకోటి, విన్‌ఇనెట్ తన క్యాష్ నుంచి పాత కాపీ తీసి ఇవ్వగలదు. ధరల లాంటి వాటికి రీలోడ్ ఫ్లాగ్ తప్పక పెట్టాలి, లేకపోతే ఈ అమ్మాయి పడిన బాధే.

అమ్మా, నువ్వు ముందుముందు సరుకు ఫొటోలు కూడా ఇట్లాగే తెస్తావేమో. మెమరీ అప్పుడు గుర్తుంచుకో. ఫోన్ ఫొటో డౌన్‌లోడ్‌లో 4 ఎంబీయే కావచ్చు, కానీ 4000 బై 3000 బొమ్మ విప్పితే చుక్కకు 4 బైట్ల చొప్పున 48 ఎంబీ. పది ఫొటోలు తెరిచి ఉంచితే 480. ప్రోగ్రామ్ 32 బిట్ అయితే నీకు మామూలుగా దొరికే చోటే 2 జీబీ. ఇంకా, ఇమేజ్ ఫ్రమ్‌స్ట్రీమ్‌తో తెరిచిన బొమ్మ బతికి ఉన్నంతసేపూ ఆ స్ట్రీమ్ మూయకూడదు. మూస్తే అప్పుడేమీ అనదు, తర్వాత సేవ్ చేసేటప్పుడు అర్థం కాని ఎర్రర్ ఇస్తుంది.


గంజ్ లెక్కలు:

అందరికీ దండాలు. రెండూ అయినయి.

జాబితా ఇప్పుడు బైట్లుగనే పోగేసి ఒక్కసారి చదువుతున్న. ఆఖరి వరసల లెక్క సరిపోతేనే మారుస్తున్న. కావాలని మధ్యల వైఫై బంద్ చేసి పదిసార్లు చూసిన, పదిసార్లు పాత జాబితా చెక్కుచెదరలే. కల్వకుర్తి కల్వకుర్తిగనే ఉంది.

రెండో కంప్యూటర్ విండోస్ 7, దాంట్ల సెక్యూర్ చానెల్ కాలేదని ఎర్రర్ వచ్చింది. సర్వీస్‌పాయింట్‌మేనేజర్‌ల టీఎల్ఎస్ 1.2 (నెట్ కనెక్షన్‌ను భద్రం చేసే పద్ధతి) అని రాస్తే పోయింది. ఇది కూడా క్యాచ్ ఖాళీగ లేదు కాబట్టే కనబడ్డది.

ధరల స్క్రీన్ల ఇప్పుడు ఒక్కో మార్కెట్ పక్కన దాని సొంత తేదీ ఉంటది. ఇయ్యాల్టిది కాకపోతే ఎర్రగ, పెద్ద అక్షరాలల్ల "ఇది పాత ధర" అని వస్తది. డౌన్‌లోడ్ కాకపోతే ఎందుకు కాలేదో కింద తెలుగులనే రాస్తది. నిన్న మధ్యాహ్నం ఖమ్మం ఎర్రగ వచ్చింది. నాయిన కళ్లద్దాలు పైకి జరిపి చూసి, ఫోన్ తీసి ఖమ్మంల తనకు తెలిసిన ఖరీదుదారుకు కలిపిండు. ధర అడిగి, ఎదురుగ ఉన్న రైతుకు ఫోన్ చేతికిచ్చి మీరే వినుండ్రి అన్నడు.