అప్‌డేట్: శత్రంజి అనే మాట గురించి

మా నాయనమ్మ 'శత్రంజి పరువు బిడ్డా' అనేది, అంటే నేల మీద పరవమని. శత్రంజి అనే ఆ మాటకు అర్థమేమిటి, జంపఖానా, తివాచీ అదేనా అని ఇంతకుముందు ఇక్కడ నేను అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

అది చదరంగంతో ముడిపడిన మాట అని ఒకరు చెప్పినప్పుడు నాకు నమ్మకం కలగలేదు కానీ, అదే సరైనది. సంస్కృతంలోని చతురంగం పారశీకానికి వెళ్లి చత్రంగ్‌గా, అరబ్బీలో శత్రంజ్‌గా మారి, గళ్లు గళ్లుగా నేసి నేల మీద పరిచే గుడ్డకు పేరై, ఉర్దూ ద్వారా మన ఊళ్లకు చేరింది. అంటే మన చదరంగమూ, నాయనమ్మ శత్రంజీ ఒకే తల్లి బిడ్డలు! ఇది తెలిసిన రోజు నాకు చాలా సంతోషం కలిగింది. ఇప్పుడు గళ్లు లేకపోయినా, చారలే ఉన్నా ఆ పేరే చెల్లుతోంది.

తివాచీ మాత్రం వేరు. దానికి ముడులు వేసిన నూగు, అంటే పైకి నిలిచే మెత్తని పోగులు ఉంటాయి; శత్రంజికి నూగు ఉండదు, పేక (అడ్డపోగు) దగ్గరదగ్గరగా కూర్చుని పడుగును (నిలువు పోగును) పూర్తిగా కప్పేస్తుంది కనుక రెండు వైపులా వాడుకోవచ్చు. జంపఖానా అన్నా మా వైపు ఇదే వస్తువు.

మొన్న వరంగల్ కొత్తవాడలో మగ్గాల దగ్గరికి వెళ్లి చూశాను. 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందిన వరంగల్ డర్రీలు ఇవే; డర్రీ అన్నా శత్రంజే. ఒక ముసలి నేతకారుడిని 'డర్రీ' అని అడిగితే, 'శత్రంజియేనా?' అని ఎదురడిగాడు.