షికాగోలో పిజ్జా, దానికి తగిన బీరు: మూడు సాయంత్రాలకు దారి చెప్పండి

అరోరా వాసి:

అందరికీ నమస్కారం. వచ్చే నెల మా బావమరిది బెంగళూరు నుంచి వస్తున్నాడు. ఇందిరానగర్‌లో ఉంటాడు. అక్కడి చిన్న బ్రూవరీలన్నీ తిరిగినవాడు. ఫోను చేసినప్పుడల్లా, ‘బావా, షికాగో పిజ్జా తింటూ అక్కడే కాచిన బీరు తాగాలి, ఏర్పాట్లు చూడు’ అంటాడు. నాకేమో పిజ్జా అంటే పిల్లల పుట్టినరోజుకు అట్టపెట్టెల్లో వచ్చేది. బీరు అంటే వేసవిలో పెరట్లో తాగేది.

తెలియక చేసిన పని ఒకటి చెబుతాను. పోయిన చలికాలంలో ఆఫీసువాళ్లతో డౌన్‌టౌన్‌లో ఒక చోటికి వెళ్లాను. లోతు పెనంలో కాల్చే డీప్ డిష్ పిజ్జా మూడంగుళాల ఎత్తున వచ్చింది. పక్కవాడు బాగుంటుందన్నాడని విస్కీ పీపాల్లో ఊరబెట్టిన స్టౌట్ అనే నల్లటి బీరు చెప్పాను. పద్నాలుగు శాతం ఆల్కహాలని సీసా మీద రాసే ఉంది, నేనే చూసుకోలేదు. రెండో ముక్క సగంలో ఉండగానే కళ్లు మూతలు పడ్డాయి. తిరిగి వచ్చేటప్పుడు శివారు ఊళ్లకు నడిచే మెట్రా రైల్లో నిద్రపోయాను. మేముండే శివారు అరోరాయే ఆఖరి స్టేషను కాబట్టి సరిపోయింది, కండక్టరు భుజం తట్టి లేపాడు. ఇంట్లో ఆ కథ ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

మూడు సాయంత్రాలు ఖాళీగా ఉన్నాయి. మా ఆవిడ శాకాహారి, బీరు తాగదు, కానీ వెంట వస్తానంటోంది. బావమరిది కోడి, చేప, పంది అన్నీ తింటాడు, గొడ్డు మాంసం మాత్రం ముట్టడు. ఎక్కడికి వెళ్లాలో, దేనితో ఏది తాగాలో అనుభవం ఉన్నవారు చెప్పండి.

ఇరవై రెండు శీతాకాలాలు:

అరోరా వాసి గారూ, మీరు చేసిన పొరపాటు ఈ ఊరికి కొత్తగా వచ్చినవాళ్లందరూ చేసేదే. నేనూ చేశాను. ఇక్కడ ఇరవై రెండు శీతాకాలాలు గడిపాను. అందులో మొదటి నాలుగు, షికాగో పిజ్జా అంటే డీప్ డిష్ ఒక్కటే అనుకుంటూ పోయాయి.

డీప్ డిష్ 1943లో పిజ్జేరియా ఉనోలో మొదలైంది. ఊరికి పేరు తెచ్చిందీ అదే. కానీ బీరు తాగేవాళ్ల కోసం పుట్టిన పిజ్జా వేరే ఉంది. దాన్ని టావెర్న్ పిజ్జా అంటారు. అప్పడంలా పలచగా ఉంటుంది, గుండ్రంగానే కాలుస్తారు, కోసేటప్పుడు మాత్రం మన మైసూర్‌పాకులా నలుచదరం ముక్కలు చేస్తారు. పాత రోజుల్లో సాయంత్రం పని దిగి సారాయి దుకాణానికి వచ్చే కూలీలకు చిన్న చిన్న ముక్కలు కాగితం మీద పెట్టి ఇచ్చేవారట. పళ్లెం అక్కరలేదు, ఒక చేత్తో గ్లాసు, ఇంకో చేత్తో ముక్క. ఉప్పగా ఉంటుంది కాబట్టి దాహం వేస్తుంది, ఇంకో గ్లాసు చెబుతారు. మన దగ్గర ఉప్పు పల్లీలు, మిర్చి బజ్జీ చేసే పనే ఇక్కడ ఇది చేస్తుంది.

అందుకని ఒక సాయంత్రం సౌత్ సైడులో పులాస్కీ రోడ్డు మీద ఉన్న వీటో అండ్ నిక్స్‌కు కేటాయించండి. మీ రైలు దారికి దూరం, కారులో వెళ్లాల్సిందే. మీ ఆవిడ నడుపుతానంటే సరే, లేకపోతే ఆ రోజు స్టీరింగు మీది, సోడా కూడా మీదే. సాసేజ్ పిజ్జా చెప్పండి. ఈ ఊళ్లో ఇటాలియన్ సాసేజ్ అంటే మామూలుగా పంది మాంసమే, సోపు గింజల వాసన వస్తుంది. పెప్పరోనీ అనే కారపు సాసేజ్ చక్రాల విషయంలో మాత్రం జాగ్రత్త, చాలా చోట్ల అందులో గొడ్డు మాంసం కలుస్తుంది. అడగకుండా చెప్పకండి.

పిజ్జా మీద జార్డినేరా వేయించుకోండి. కాలీఫ్లవరు, క్యారెట్, సెలరీ, పచ్చిమిరపకాయలు ముక్కలు చేసి ఉప్పులో ఊరబెట్టి నూనెలో ముంచి పెడతారు. అంటే ఊరగాయే. ఇటలీవాళ్లు పెట్టారు గనక ఆ పేరు వచ్చింది. మొదటిసారి ఆ జాడీ మూత తీసినప్పుడు పైన తేలుతున్న నూనె, కింద మిరప గింజలు చూసి మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవపిండి ఒక్కటే తక్కువ.

బీరు సంగతి ఇక్కడే తేలుతుంది. కారం తినే మనవాళ్లు కారానికి విరుగుడు చేదే అనుకుని ఐపీఏ అనే చేదు బీరు చెబుతారు. అది సరికాదు. కారం మీద హాప్స్ (బీరులో చేదు కోసం వేసే పూలు) చేదు పడితే నాలుక ఇంకా మండుతుంది. బీరులో ఆల్కహాలు ఎక్కువైన కొద్దీ మంట కూడా పెరుగుతుంది. పచ్చిమిరపకాయ ఉన్న పిజ్జాకు లాగర్ అనే తేలికపాటి బీరే మేలు. చల్లగా, కొంచెం తియ్యటి మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రుచితో గొంతు కడిగేసి వెళ్లిపోవాలి. వీటో అండ్ నిక్స్‌లో జనం ఓల్డ్ స్టైల్ తాగుతారు. అది చిన్న బ్రూవరీలు కాచే క్రాఫ్ట్ బీరు కానే కాదు, విస్కాన్సిన్‌లో పుట్టిన పాతకాలపు చవక లాగర్. ఊళ్లో పాత బార్ల ముందు వేలాడే బోర్డుల మీద ఆ పేరే ఉంటుంది. మీ బావమరిది ముఖం చిట్లిస్తాడు. చిట్లించనివ్వండి. ఆ పిజ్జాతో ఒక్క గుటక వేశాక మాట్లాడమనండి.

రెండో సాయంత్రం కారు వద్దు. మెట్రాలో యూనియన్ స్టేషన్‌కు వచ్చి, నడిచి క్విన్సీ స్టేషనులో బ్రౌన్ లైన్ సిటీ రైలు ఎక్కి మాంట్రోజ్‌లో దిగండి. ఐదు నిమిషాలు నడిస్తే సన్నీసైడ్ వీధిలో స్పాకా నాపోలి అనే పిజ్జా హోటలు. 2006 నుంచి ఉంది. నేపుల్స్ పద్ధతి, కట్టెల పొయ్యి, పిజ్జా లోపల నిమిషంన్నరకు మించి ఉండదు. అంచు మీద నల్లటి పొక్కులు లేస్తాయి, నడుమ మెత్తగా తడిగా ఉంటుంది. పొట్లం కట్టించుకుంటే పాడవుతుంది, అక్కడే తినండి. తిన్నాక దక్షిణంగా పది నిమిషాలు నడిస్తే డవ్‌టెయిల్ బ్రూవరీ. ఆ రేవెన్స్‌వుడ్ దారిలో బ్రూవరీలు ఎక్కువ గనక మాల్ట్ రో అంటారు. డవ్‌టెయిల్‌వాళ్లు 2016 నుంచి జర్మన్, చెక్ పద్ధతుల్లో, తొందర లేకుండా లాగర్లు చేస్తున్నారు. వియన్నా లాగర్ రాగి రంగులో ఉంటుంది, కాల్చిన బ్రెడ్డు వాసన. నోట్లో ఇంకా పిజ్జా అంచు మాడు రుచి ఉండగానే అది తాగాలి. నేను ఈ ఊరంతా వెతికి చివరికి స్థిరపడిన జోడీ ఇదే. రెండూ ఒకే కప్పు కింద దొరకకపోవడమే దీని లోపం. తిరుగు ప్రయాణానికి వెనక్కి నడవక్కర్లేదు, ఇర్వింగ్ పార్క్ స్టేషను పక్కనే.

మూడోది పీస్. బ్లూ లైన్‌లో డేమెన్ దగ్గర దిగండి. అదే కప్పు కింద పిజ్జా, బీరు రెండూ చేస్తారు. 2001లో తెరిచారు, 2006 వరల్డ్ బీర్ కప్‌లో చిన్న బ్రూపబ్‌ల (సొంతంగా బీరు కాచే బార్ల) విభాగంలో ఛాంపియన్ వాళ్లే. పిజ్జా షికాగోది కాదు, కనెక్టికట్‌లోని న్యూ హేవెన్ పద్ధతి. టమాటా లేని తెల్ల పిజ్జా తీసుకోండి, ఆలివ్ నూనె, వెల్లుల్లి, చీజ్. దానికి వాళ్ల గోల్డెన్ ఆర్మ్ బీరు సరిపోతుంది. కోల్ష్ అనే జర్మన్ రకం, చాలా సున్నితం. వెల్లుల్లిని కప్పేయదు, దాని కింద నలిగిపోదు.

శనివారం వెళ్లకండి. ఒకరి మాట ఒకరికి వినపడదు.

పప్పుచారు:

పై వారు శాకాహారుల సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు. నేను చెబుతాను. స్పాకా నాపోలిలో మారినారా అడగండి. చీజే ఉండదు. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే. పార్మెజాన్ లాంటి గట్టి చీజుల్లో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ వాడతారు, పట్టింపు ఉన్నవాళ్లు ముందే అడిగి తెలుసుకోవాలి. పీస్‌లో బంగాళాదుంప ముద్ద కూడా పిజ్జా మీద వేస్తారు. మొదట నవ్వుకున్నాను. తిన్నాక మసాలా దోసె గుర్తొచ్చింది.

డీప్ డిష్ కావాలంటే లూ మాల్నాటీస్‌లో పాలకూర, పుట్టగొడుగులు వేసి పైన టమాటా చక్రాలు పరిచేది ఒకటి ఉంది, పేరు ‘ద లూ’. అరోరా చుట్టుపక్కలే వాళ్ల బ్రాంచీలున్నాయి, ఊళ్లోకి రానక్కర్లేదు. బీరు గురించి నన్ను అడగవద్దు, నేను అల్లం సోడా మనిషిని. కారపు అల్లం సోడా డీప్ డిష్‌కు ఏ బీరుకూ తీసిపోదు. మీ ఆవిడకు చెప్పండి.

చేదే ముద్దు:

శీతాకాలాలు గారు ఐపీఏను మరీ గుమ్మం బయట నిలబెట్టారు. కారం దగ్గర ఆయన మాటే నిజం, ఒప్పుకుంటాను. మరి పీక్వాడ్స్ పిజ్జా మాటేమిటి? క్లైబోర్న్ వీధిలో ఉన్నది. వాళ్లు పెనం అంచు చుట్టూ చీజ్ పోస్తారు, అది ఇనుముకు అంటుకుని నల్లగా, కరకరలాడుతూ మాడుతుంది. దిబ్బరొట్టె చుట్టూ బాణలికి అంటుకున్న అంచు ఉంటుంది చూడండి, చిన్నప్పుడు దాని కోసం అన్నదమ్ములం కొట్టుకునేవాళ్లం, అచ్చం అదే. అంత చీజ్ కొవ్వును కోయాలంటే చేదు కావాలి. హాఫ్ ఏకర్ బ్రూవరీ వాళ్ల డైజీ కట్టర్ దొరికితే తీసుకోండి, ఐదు శాతం పైచిలుకు పేల్ ఏల్, అంటే ఐపీఏ కన్నా కాస్త తేలికైన చేదు బీరు. ఇంకా గట్టిది కావాలంటే రెవల్యూషన్ బ్రూవరీ వాళ్ల యాంటీ హీరో ఐపీఏ, ఆరు పాయింట్ ఏడు శాతం. రెండూ ఈ ఊళ్లో కాచినవే. మాడు చేదు, హాప్స్ చేదు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

పిజ్జా రావడానికి ముప్పావుగంట పడుతుంది. ఆ లోపల ఆకలికి రెండు గ్లాసులు తాగేస్తారు, అసలు ప్రమాదం అదే.

ఇరవై రెండు శీతాకాలాలు:

పీక్వాడ్స్ మరిచిపోవడం నా తప్పే. దిబ్బరొట్టె పోలిక బాగుంది, నాకు తట్టనందుకు కుళ్లుగా ఉంది. డైజీ కట్టర్ వరకు ఒప్పుకుంటున్నాను. యాంటీ హీరో అయితే టమాటా పులుపు మాయమైపోతుంది. డీప్ డిష్‌లో చీజ్ కింద, టమాటా పైన ఉంటుంది కదా. అంతసేపు కాలేటప్పుడు చీజ్ పైనుంటే మాడిపోతుందని అలా తిరగేస్తారు. నాలుకకు మొదట తగిలేది ఆ పులుపే, దాన్ని చంపుకోవడం ఎందుకు?

అరోరా వాసి గారు అడగకపోయినా ఒక మాట. ఆ పీపాల స్టౌట్ చెడ్డది కాదు. అది భోజనంతో తాగేది కాదు. భోజనమయ్యాక నలుగురు ఒక సీసా పంచుకుని, చిన్న గ్లాసుల్లో, చాక్లెట్ కేకుతో తాగాలి.

అరోరా వాసి:

ఐదు వారాల తరువాత రాస్తున్నాను, మన్నించాలి.

పీస్‌కు వెళ్లలేకపోయాం, మా చిన్నదానికి జ్వరం. దాని బదులు పీక్వాడ్స్ పొట్లం ఇంటికి తెచ్చాం. కారులో యాభై నిమిషాలు. ఆ మాడు అంచు మెత్తబడింది, మళ్లీ ఇనుప పెనం మీద పెట్టి కరకరలాడించాను. డైజీ కట్టర్ డబ్బాలు దుకాణంలో దొరికాయి. బావమరిది అంచులన్నీ తనే తిని మధ్య భాగం నాకు మిగిల్చాడు.

స్పాకా నాపోలి, డవ్‌టెయిల్ రోజు మాత్రం ఏ లోటూ లేకుండా సాగింది. మా ఆవిడ మారినారా మొత్తం ఒక్కతే తినేసింది. డవ్‌టెయిల్‌లో బావమరిది వియన్నా లాగర్ సగం తాగి, గ్లాసును దీపానికెత్తి చూసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బెంగళూరు ప్రస్తావన ఆ రాత్రికి మళ్లీ రాలేదు. ఇర్వింగ్ పార్క్‌లోనే రైలెక్కాం. మెట్రాలో ఈసారి వాడు నిద్రపోయాడు, నేను మేలుకునే ఉన్నాను.

వీటో అండ్ నిక్స్‌లో స్టీరింగు నాదే, సోడా నాదే. ఓల్డ్ స్టైల్ చూసి వాడు ముఖం చిట్లించాడు, తరువాత మూడు తాగాడు.

జార్డినేరా జాడీలు నాలుగు కొని పెట్టెలో చీరల మధ్య చుట్టి పట్టుకెళ్లాడు. ఒకటి కారింది. చీర మా అత్తగారిది. నిన్న ఫోనులో ఆవిడ చీర సంగతి ఎత్తలేదు. ‘నూనె బాగానే పోశారు, ఆవపిండి వెయ్యడం ఎవరూ నేర్పలేదా వాళ్లకు?’ అని అడిగారు.