ఉచ్ఛిలీంధ్రా... ఆ తర్వాత ఏమిటి?

వానకారు:
నిన్న సాయంత్రం తొలి ఉరుము వినగానే కాళిదాసు మేఘసందేశంలోని పాదం ఒకటి నాలుక మీదికి వచ్చి సగంలో ఆగిపోయింది. "కర్తుం యచ్చ ప్రభవతి మహీముచ్ఛిలీంధ్రా..." ఆ తర్వాత? మా నాన్నగారు "మవంధ్యాం" అని చదివేవారు. నా చెవిలో మాత్రం గొడుగు ఉంది, "తపత్రాం" అని. పుస్తకం ఊళ్లో ఉండిపోయింది. నాది భ్రమా, అలాంటి పాఠం నిజంగా ఉందా?

మందాక్రాంత:
రెండూ ఉన్నాయండీ. వ్యాఖ్యాతల్లో మల్లినాథుడిది అవంధ్యాం, వల్లభదేవుడిది ఆతపత్రాం. మొదటిదానిలో ఉరుము నేలను గొడ్డుపోనివ్వదు, రెండోదానిలో నేలకు పుట్టగొడుగుల గొడుగు పడుతుంది. ఛందస్సు తగవు తీర్చదు. ధ్రా-మ-వం-ధ్యాం, ధ్రా-త-ప-త్రాం, రెండూ ఒకే గురులఘు క్రమం. నా మొగ్గు ఆతపత్రం వైపే. అదే శ్లోకంలో రాజహంసలు కైలాసానికి బయలుదేరుతున్నాయి. రాజు కదిలేచోట గొడుగు ఉండాలి కదా.

కొలిచెలమ:
మల్లినాథుడు మా మెదకు కొల్చారం వాడు, అంత తేలిగ్గా వదలలేను. ఆయన ఊరికే అవంధ్య అనలేదు. వానమబ్బుతో లేచిన శిలీంధ్రాలు పంట బాగా పండుతుందని చెబుతాయని నిమిత్తనిదానం అనే శకునగ్రంథం నుంచి మాట చూపించాడు. ఉరుము, పుట్టగొడుగు, పంట ఒక వరుసలో వస్తాయి. ఆతపత్రం పెడితే మిగిలేది బొమ్మ, పోయేది నేల.

వానకారు:
కానీ ఆయనే శిలీంధ్రానికి కందలిక అని అర్థం చెప్పాడు కదండీ. కందలి వానల్లో పూసే మొక్క అయితే అసలు ఈ పాదంలో పుట్టగొడుగే లేదు. ఆతపత్రం అంటేనే కచ్చితంగా పుట్టగొడుగు అవుతుంది.

ఏలేరు గట్టు:
సంస్కృతం నాకు అంత రాదు, కానీ గొడుగు సంగతి చెప్పగలను. మా వైపు వీటిని పుట్టకొక్కులు అంటారు. చిన్నప్పుడు మామయ్యతో వెళ్లి ఒకటి మొదలంటా తవ్వాను. పైన జానెడు లేదు, కింద కాడ వేరులా సన్నబడి మూరెడు లోతుకు దిగింది. చివర స్పంజి ముద్దలాంటిది, గోధుమరంగు, దాని మీద గసగసాలంత తెల్లని గింజలు. చుట్టూ చెదలు. అది చెదల తోట! అవి ఎండుటాకులు, పుల్లలు నమిలి ఆ ముద్ద కడతాయి. చెదలకు అరగని కలపను శిలీంధ్రం మెత్తబరుస్తుంది, ఆ గింజల్ని చెదలు తింటాయి. శాస్త్రజ్ఞులు దీనికి టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టింది 1942లో. మనవాళ్లు ఎప్పుడో "పుట్ట" అనేశారు. అందుకే షెడ్లలో ముత్యపు చిప్ప రకమూ పాల రకమూ పండుతాయి కానీ పుట్టకొక్కు పండదు. చెదలు లేనిదే అది లేదు.

తాటాకు:
చక్కటి వర్ణన. అయినా ఆ "పుట్ట" చెదలపుట్టేనని ఎలా అనగలం? రాత్రికి రాత్రే పుట్టే గొడుగు కాబట్టి పుట్టగొడుగు. "పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి" అని పత్రికలు రోజూ రాస్తున్నది ఆ అర్థంతోనే.

మందాక్రాంత:
అలా అయితే పుట్టుగొడుగు కావాలి. పుట్టుమచ్చ, పుట్టుగుడ్డి, పుట్టుపూర్వోత్తరాలు, అన్నిటా ఉకారమే. ఇక్కడ అకారం ఎందుకు వచ్చింది?

తుంగభద్ర:
కన్నడం తెలిసినవారికి ఇందులో సందేహమే రాదు. వాళ్లకు పుట్టడం హుట్టు, చెదలపుట్ట హుత్త. ఒకదానిలో ట్ట, ఇంకొకదానిలో త్త. తమిళంలో పుట్ట పుఱ్ఱు. రెండు వేర్వేరు ధాతువులు మన తెలుగులో మాత్రం ఒకే ధ్వనికి వచ్చి చేరాయి. పత్రికల వాడుక ఆ కలయిక చేసిన మాయ. లోపల ఏళ్ల తరబడి తోట ఉంటే, పైకి కనిపించే ఒక్క రాత్రినే మనం జాతీయం చేసుకున్నాం. నాకు అది బాధగానే ఉంటుంది.

తాటాకు:
హుత్త సంగతి ఒప్పుకుంటాను. మరి కుక్కగొడుగు? తమిళంలో నాయ్‌క్కుడై, కన్నడంలో నాయికొడె. ముగ్గురికీ కుక్కే ఎందుకు? కుక్కతులసి, కుక్కపొగాకులలో లాగా, పనికిరాని రకానికి కుక్కను తగిలించారని నా నమ్మకం. తినేది పుట్టది, తినకూడనిది కుక్కది.

ఏలేరు గట్టు:
మా ఊళ్లో తేడా సరిగ్గా అదేనండీ. కుక్కగొడుగు ముట్టుకుంటే అమ్మమ్మ చేతులు కడిగించేది.

కొలిచెలమ:
పుట్టలో ఉండేది చెదలని వేమనకు బాగా తెలుసు. సుమతి శతకం "చీమలు పెట్టిన పుట్టలు" అంటుంది, వేమన "పుట్టలోన చెదలు" అన్నాడు. పుట్ట, పుట్టు పక్కపక్కన పెట్టి ఆడుకున్నాడు కూడా. తుంగభద్ర గారి రెండు ధాతువులూ ఒకే పాదంలో! అంత చిన్న ఆటవెలదిలో అంత చూపు ఇంకెవరికి ఉంది?

మందాక్రాంత:
ఆ పాదం మీరు ఎలా చదువుతారు? "పుట్టవా గిట్టవా" అనా, "పుట్టదా గిట్టదా" అనా?

కొలిచెలమ:
పుట్టదా. చెద ఒక్కటే ముద్దగా కదిలే జాతి.

తుంగభద్ర:
చెదలు అన్నాక బహువచనమేనండీ. మాకు బడిలో "పుట్టవా" అనే నేర్పారు.

వానకారు:
ఊరికి ఫోను చేశాను. అన్నయ్య పుస్తకం తీసి చూశాడు, అందులో అవంధ్యాం అని అచ్చయి ఉందట. కానీ అంచులో నాన్నగారి చేతిరాత పెన్సిలుతో ఉందట, "తపత్రాం?" అని. ప్రశ్నార్థకంతో సహా.