లాన్ మోవర్ స్పేర్లు: కంపెనీ పార్టే కొనాలా, బయటి తయారీ సరిపోతుందా?

పచ్చికబయలు:
గడ్డి కోసే మోవర్‌కు విడి భాగాలు ఎక్కడ కొనాలని ఎవరడిగినా రెండే జవాబులు వినిపిస్తున్నాయి. కంపెనీ పార్టు తప్ప ఇంకోటి ముట్టుకోవద్దనేది ఒకటి. అన్నీ ఒక్కచోటే తయారవుతాయి, దొరికింది బిగించెయ్యమనేది రెండోది. రెండూ సగం సగం నిజాలే అనిపిస్తోంది. వెనక నడుస్తూ నడిపే పెట్రోల్ మోవర్ల వరకే మాట్లాడుకుందాం: బ్లేడు, బెల్టు, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు, కార్బురేటర్, కేబుళ్లు, ఇగ్నిషన్ కాయిల్. వీటిలో దేనికి అమ్మేవాళ్లను నమ్మాలి, దేనికి మన కొలతను నమ్మాలి? కారణంతో సహా చెప్పండి. "మాకు బాగానే పనిచేసింది" అనే మాట ఇంకొకరికి పనికిరాదు.

పాత_స్పానర్:
అమ్మేవాళ్ల సంగతికి ముందు నంబర్ల సంగతి తేలాలి. తప్పు పార్టు రావడానికి అసలు కారణం మోసం కాదు, చాలాసార్లు తప్పు నంబరే.

ఒక మోవర్‌కు ఇద్దరు తయారీదారులు ఉండొచ్చు. డెక్కు (బ్లేడును కప్పి ఉండే పెంకు), చక్రాలు, హ్యాండిల్, బ్లేడు, బెల్టు, కేబుళ్లు మోవర్ కంపెనీవి. ప్లగ్గు, ఫిల్టర్, కార్బురేటర్, కాయిల్, ఫ్లైవీల్ (ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) ఇంజన్ కంపెనీవి. డెక్కు వెనకవైపు అంటించిన స్టిక్కర్ మీది నంబరుతో కార్బురేటర్ వెతికితే దొరకదు, దొరికినా అది సరిపోతుందన్న భరోసా లేదు.

బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజన్లలో మోడల్, టైప్, కోడ్ అని మూడు అంకెల గుంపులు ఉంటాయి. ఇంజన్ మీది రేకు కవరు మీదో, సైలెన్సర్ పైనో, ప్లగ్గు దగ్గరో చెక్కి ఉంటాయి. మట్టి, నూనె పట్టి కనిపించకపోతే బ్రష్‌తో తుడిచి టార్చి పక్కనుంచి వేయండి. మోడల్ మొదటి అంకెలు ఇంజన్ ఘనపరిమాణాన్ని ఘనపు అంగుళాల్లో చెబుతాయి. కోడ్ తయారైన తేదీ: 09062254 అంటే 2009 జూన్ 22, చివరి రెండంకెలు ఫ్యాక్టరీకి సంబంధించినవి. ఒకే మోడల్ ఇంజన్‌కు టైప్ మారితే కార్బురేటర్, దాన్ని కదిలించే కడ్డీల లింకేజీ మారిపోవచ్చు. అందుకే మోడల్ ఒక్కటే రాసుకుని కొనడానికి వెళ్లొద్దు, మూడూ రాసుకోండి.

హోండా పార్టు నంబరుకు మూడు ముక్కలు. 17211-జెడ్‌ఎల్8-023 చూడండి. 17211 అంటే ఎయిర్ ఫిల్టర్, జెడ్‌ఎల్8 అంటే జీసీవీ160 ఇంజన్ కుటుంబం. నడిమి మూడు అక్షరాలు మీ ఇంజన్‌వి కాకపోతే ఆగి, ఎందుకని అడగండి.

క్రాఫ్ట్స్‌మన్ పేరుతో ఉన్న పాత మోవర్లకు ఇంకో చిక్కు. ఆ పేరు మీద పలు కంపెనీలు తయారుచేశాయి. మోడల్ నంబర్ 917తో మొదలైతే హస్క్‌వర్నా వైపు, 247తో మొదలైతే ఎంటీడీ వైపు వెతకాలి.

ఇక నమ్మదగిన అమ్మకందారుకు నా మొదటి గుర్తు: మీరు "21 అంగుళాల మోవర్‌కు కార్బురేటర్ కావాలి" అనగానే ఒకటి చేతిలో పెట్టకుండా, ఇంజన్ టైప్ నంబరెంత అని అడగడం.

స్టార్టర్_తాడు:
నంబర్ల విషయంలో పాత_స్పానర్ గారితో తగువు లేదు. కానీ నంబరు సరిగ్గా ఇచ్చినా లోహం సరిగ్గా ఉండాలి కదా. నా వాదన సూటిగా చెబుతాను: తిరిగేవి, ఆపేవి కంపెనీవే కొనాలి. బ్లేడు, బ్లేడు పట్టుకునే అడాప్టర్, ఫ్లైవీల్ కీ (ఫ్లైవీల్‌ను షాఫ్ట్ మీద జరగకుండా పట్టే చిన్న లోహపు ముక్క), బ్రేకు కేబుల్. వీటిలో బేరం వద్దు.

బ్లేడు రాయికి తగిలినప్పుడు వంగాలే గాని విరగకూడదు. మరీ గట్టిపరిచిన ఉక్కు పెళుసుగా ఉంటుంది, ముక్క ఎగిరి కాలికి తగులుతుంది. ఇది కొలబద్దతోనో కంటితోనో కనిపెట్టలేం.

ఫ్లైవీల్ కీ సంగతీ అంతే. బ్రిగ్స్ ఇంజన్లలో అది కావాలనే మెత్తటి లోహంతో చేస్తారు. బ్లేడు దేనికైనా కొట్టుకుని ఆగితే కీ కోసుకుపోయి దెబ్బను తను తీసుకుంటుంది. "ఇది గట్టిది, తెగదు" అంటూ ఉక్కు కీ అమ్మేవాళ్లున్నారు. అది తెగకపోతే దెబ్బ ఇంజన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ మీదికీ, ఫ్లైవీల్ గాడి మీదికీ పోతుంది. అలాంటి సలహా ఇచ్చే చోట ఇంకేమీ కొనకండి.

బ్రేకు: అమెరికాలో 1982 నుంచి హ్యాండిల్ మీది లివర్ వదిలాక బ్లేడు 3 సెకన్లలో ఆగాలన్నది నియమం. దీనికి సరిపోయేలా డిజైన్ చేసిన కేబుల్‌కు బదులు అంగుళం పొడవైనది వేస్తే లివర్ పట్టుకున్నా బ్రేకు పూర్తిగా వదలదు. పొట్టిది వేస్తే లివర్ వదిలినా బ్రేకు ప్యాడ్ తిరిగే భాగానికి పూర్తిగా ఆనదు.

కొలబద్ద:
స్టార్టర్_తాడు గారూ, కీ విషయంలో పూర్తిగా మీతోనే ఉన్నాను. మిగతావాటిలో మీరు గీసిన గీత కొంచెం ఎక్కువే దూరం పోయింది.

మోవర్, ఇంజన్ కంపెనీలు సాధారణంగా ప్లగ్గులు, బెల్టులు, బేరింగులు సొంతంగా చేసుకోవు. హోండా జీసీవీ160లో ఫ్యాక్టరీ నుంచి వచ్చేది ప్లగ్గుల కంపెనీ ఎన్‌జీకే చేసే బీపీఆర్6ఈఎస్, గ్యాప్ 0.7 నుంచి 0.8 మి.మీ. అదే ప్లగ్గు ఎన్‌జీకే డబ్బాలో కొంటే తేడా ఏముంటుంది? బ్లేడులో కూడా ఓరెగాన్, స్టెన్స్, రోటరీ లాంటివి పేరు పెట్టుకుని, సొంత పార్టు నంబరు వేసి, ఏ కంపెనీ నంబరుకు బదులో పట్టికలో రాసి అమ్ముతాయి. వాటినీ, పేరు లేకుండా ప్లాస్టిక్ సంచిలో వచ్చే బ్లేడునూ "బయటి తయారీ" అని ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. అడగాల్సింది ఎవరు చేశారన్నది కాదు, చేసినవాళ్లు తమ నంబరు దాని మీద వేశారా అన్నది.

పైగా కొన్నిటికి వేరే దారి లేదు. టెకుమ్సే ఇంజన్ల తయారీ 2008లో ఆగిపోయింది. వాటికి దొరికేవి గోడౌన్లలో మిగిలిన పాత సరుకు, లేదా బయటి తయారీ. పాత సరుకు కంపెనీదే అయినా అందులో రబ్బరు ఉంటే నమ్మలేం. డయాఫ్రమ్ (కార్బురేటర్‌లోని పలుచని రబ్బరు పొర), నీడిల్ సీటు, పైపు ఏళ్ల తరబడి డబ్బాలో ఉన్నా గట్టిపడతాయి. అక్కడ కొత్తగా చేసిన బయటి డయాఫ్రమే మేలు. లోహపు భాగాలకు పాత సరుకు భేషుగ్గా ఉంటుంది.

బ్లేడు కొలవడం: కొలిచే ముందు ప్లగ్గు వైరు పీకేయండి. మోవర్‌ను పక్కకు వంచేటప్పుడు కార్బురేటర్ పైకి వచ్చేలా వంచండి, లేకపోతే నూనె ఎయిర్ ఫిల్టర్‌లోకి పోతుంది. పొడవును ఒక అంచు మూలనుంచి ఎదురు అంచు మూలకు, మధ్య రంధ్రం మీదుగా ఏటవాలుగా కొలవాలి. 21 అంగుళాల మోవర్ అన్నారు కదా అని బ్లేడు 21 అంగుళాలు ఉండదు, కాస్త తక్కువే ఉంటుంది. తర్వాత మధ్య రంధ్రం ఆకారం: గుండ్రమా, అయిదు కోణాల నక్షత్రమా, ఆరు కోణాలదా. ఆపై వెడల్పు, మందం, చివర్లు మధ్య భాగం కన్నా ఎంత కిందికి దిగాయి అన్నది. ఈ చివరి కొలత వదిలేసేవాళ్లే ఎక్కువ. అది తేడా వస్తే కోత ఎత్తు మారుతుంది, బ్లేడు డెక్కుకు రాసుకున్నా రాసుకుంటుంది. కొన్ని హోండా మోవర్లకు పైనొకటి, కిందొకటి రెండు బ్లేడ్లు ఉంటాయి. ఒక్కటే మార్చి ఊరుకోకూడదు.

పచ్చికబయలు:
బెల్టు గురించి ఇద్దరూ తప్పించుకున్నారు. ఆటోమొబైల్ షాపులో దొరికే వీ బెల్టు సరిపోతుందా?

కొలబద్ద:
కొలత కలిస్తే సరిపోతుంది. కలిసేలా కొనడమే చాలామందికి రావట్లేదు. 4ఎల్430 అని రాసి ఉంటే అర అంగుళం వెడల్పు, బయటి చుట్టుకొలత 43.0 అంగుళాలు. ఏ41 అని రాసి ఉంటే అదే అర అంగుళం వెడల్పు, కానీ 41 అన్నది లోపలి చుట్టుకొలత. అంటే 4ఎల్430, ఏ41 రెండూ ఒకే పొడవు. ఏ43 తెచ్చుకుంటే రెండంగుళాలు వదులైపోతుంది. పాత బెల్టును కొలిచి కొనడం కూడా పొరపాటే. అది సాగి ఉంటుంది, అరిగి ఉంటుంది. పార్టుల బొమ్మలో ఇచ్చిన నంబరు నుంచే కొలత తీసుకోండి.

స్టార్టర్_తాడు:
కొలత కలిసినా సరిపోదు, అదే నేను చెప్పేది. తనంతట ముందుకు నడిచే మోవర్‌లో చక్రాలకు బెల్టే క్లచ్చు. చక్రాలు నడిపే లివర్ (బ్రేకు లివర్ కాదు) వదిలినప్పుడు కప్పీ తిరుగుతూనే ఉంటుంది, బెల్టు దాని మీద జారుతుంది. పట్టినప్పుడు బెల్టును బిగించే ఐడ్లర్ కప్పీ బెల్టు వీపును లోపలికి నొక్కుతుంది. దీనికోసం ఆ బెల్టుల్లో సాగని ఆరమిడ్ (కెవ్లార్ లాంటి గట్టి పోగు) తాళ్లు, జారినా కాలని గుడ్డ తొడుగు పెడతారు. మామూలు బెల్టులో పాలియెస్టర్ తాళ్లుంటాయి. వేడికి తొడుగు చిట్లుతుంది, బెల్టు సాగుతుంది, లివర్ వదిలినా మోవర్ ముందుకు పాకుతుంది. ఒకే కొలత, రెండు వేర్వేరు పనులు.

కొలబద్ద:
ఆ మాట ఒప్పుకుంటున్నాను. "కొలత కలిస్తే సరిపోతుంది" అన్న నా వాక్యాన్ని దిద్దుకుంటున్నాను: కొలత కలవాలి, ఆరమిడ్ తాడు అని, క్లచ్చు పనికి అని తయారీదారు రాసి ఉండాలి. ఆ రెండూ ఉంటే డబ్బా మీద మోవర్ కంపెనీ పేరు లేకపోయినా ఫరవాలేదు.

జెట్_తీగ:
కార్బురేటర్ గురించి ఇంకా ఎవరూ నోరు విప్పలేదు. ఎక్కువ వృథా జరిగేది అక్కడే. ఇంజన్ సరిగ్గా నడవకపోతే వెంటనే కొత్త కార్బురేటర్ తెప్పించేస్తున్నారు. ఆ తెప్పించేవాటిలో చాలావరకు పేరులేని నకళ్లు. లోపల పెట్రోల్‌ను కొలిచి వదిలే జెట్ రంధ్రం అసలుదానికంటే చిన్నదో పెద్దదో ఉంటుంది, లింకేజీ రంధ్రాలు కాస్త పక్కన ఉంటాయి, ఆటో చోక్ ఇంజన్‌కు మాన్యువల్ చోక్ రకం పంపిస్తారు.

ముందు జబ్బు తెలుసుకోండి. ఇంజన్ వేగం ఎక్కుతూ దిగుతూ ఊగుతుంటే చాలాసార్లు సన్న జెట్ పూడుకుపోయి పెట్రోల్ అందట్లేదన్నమాట. కార్బురేటర్ నుంచి పెట్రోల్ కారుతుంటే పెట్రోల్‌ను ఆపే నీడిల్ గాని, దాని సీటు గాని, దాన్ని నడిపే తేలే బుడ్డి (ఫ్లోటు) గాని పాడైంది. రెండిటికీ కొత్త కార్బురేటర్ అక్కర్లేదు. చాలాసార్లు నీడిల్, కింద పెట్రోల్ నిలిచే గిన్నె రబ్బరు రింగు, గ్యాస్కెట్లు ఉన్న రిపేరు కిట్టు చాలు.

పెట్రోల్ కుళాయి కట్టి, గిన్నె కింది బోల్టు విప్పండి. పాత బ్రిగ్స్, టెకుమ్సే కార్బురేటర్లలో కొన్నిటికి ఆ బోల్టే మెయిన్ జెట్. దాని పక్కల్లో సన్నటి అడ్డు రంధ్రాలుంటాయి, పైది మాత్రమే శుభ్రం చేసి కిందివి వదిలేస్తారు. విద్యుత్ తీగలోంచి తీసిన ఒక్క రాగి పోగు పెట్టి తోయండి. డ్రిల్లు బిట్టు గాని, గట్టి ఉక్కు తీగ గాని వద్దు, ఇత్తడి రంధ్రం పెద్దదైతే మళ్లీ చిన్నది కాదు. కార్బురేటర్ క్లీనర్ కొట్టి అన్ని దారుల్లోంచి బయటికి వస్తోందా చూడండి. తిరిగి బిగించేటప్పుడు గ్యాస్కెట్‌లో ఉన్న చిన్న రంధ్రం కార్బురేటర్ ముఖం మీది రంధ్రంతో కలవాలి. తిరగేసి పెడితే గాలి దారి మూసుకుపోతుంది, అప్పుడు తప్పు కొత్త కిట్టు మీదికి పోతుంది.

కాయిల్ కూడా ఇంతే. మార్చే ముందు స్పార్కు పరీక్షించే సాధనంతో చూడండి, స్టాప్ స్విచ్చు వైరు కాయిల్ నుంచి తీసి మళ్లీ చూడండి. వైరు తీశాక స్పార్కు వస్తే కాయిల్ మంచిదే, వైరు ఎక్కడో లోహానికి తగులుతోంది, లేదా స్విచ్చులో లోపం ఉంది. కాయిల్ మారిస్తే ఫ్లైవీల్‌కు మధ్య ఖాళీ చిన్న బ్రిగ్స్ ఇంజన్లలో సాధారణంగా 0.25 నుంచి 0.36 మి.మీ. ఉండాలి.

పాత_స్పానర్:
జెట్_తీగ గారి మాటకు ఒకటి కలుపుతాను. విడిగా నీడిల్, సీటు, ఒక్క స్క్రూ కూడా అమ్మే చోటును నమ్మొచ్చు. పార్టుల బొమ్మ పెట్టి, ప్రతి వస్తువుకు అంకె వేసి, పాత నంబరు ఏ కొత్త నంబరుగా మారిందో చూపించేవాళ్లు సరుకు తెలిసినవాళ్లు. బ్రిగ్స్ ఫిల్టర్ 399959 కాస్తా 491588గా, తర్వాత 491588ఎస్‌గా మారింది. పాత నంబరు అడిగితే "లేదు" అనే షాపు కన్నా, "ఇప్పుడు దీని నంబరు ఇది" అనే షాపు మేలు.

పచ్చికబయలు:
నకిలీవి డబ్బాతో సహా వస్తున్నాయి. అందుకున్నాక ఏం చూడాలి?

కొలబద్ద:
ప్లగ్గు: ఎన్‌జీకే అసలుదానికి కింది వాషర్ మర మీదుగా తేలిగ్గా ఊడి రాదు. నకిలీదానికి వేళ్లతో తిప్పితే ఊడొస్తుంది. పింగాణీ మీది అక్షరాలు మసకగా ఉన్నా, మర గరుకుగా ఉన్నా వేయొద్దు.

ఫిల్టర్: కాగితం కన్నా దాని చుట్టూ ఉన్న అంచు ముఖ్యం. గూట్లో పెట్టి మూత వేసి తీసి చూడండి, అంచు చుట్టూ ఒకే రకంగా ఒత్తిడి గుర్తు పడాలి. ఒక మూల గుర్తు లేకపోతే దుమ్ము అక్కణ్నుంచే సిలిండర్‌లోకి పోయి పిస్టన్ రింగులు అరగదీస్తుంది. చవక ఫిల్టర్ వల్ల ఇంజనే పోయేది ఇలాగే.

కేబుల్: పైతొడుగు పొడవు ఒకటి, లోపలి తీగ మొత్తం పొడవు ఇంకొకటి, రెండూ పాతదాని పక్కన పెట్టి కొలవండి. చివరి వంపు ఆకారం కూడా కలవాలి. బిగించాక లివర్ వదిలి బ్లేడు ఆగే సమయం గడియారంతో చూడండి.

ఇవన్నీ బిగించకముందే చూడాలి. నూనె మరక పడ్డ పార్టును ఎవరూ వెనక్కి తీసుకోరు.

స్టార్టర్_తాడు:
బ్లేడు విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. పేరున్న బయటి కంపెనీదైతే ఊరుకుంటాను, పేరు లేనిది అయితే ఊరికే ఇచ్చినా వద్దు. వచ్చినది ఏదైనా సరే, మధ్య రంధ్రాన్ని గోడ మేకుకు తగిలించండి. ఒక కొన కిందికి వాలితే తూకం తప్పింది. వాలిన వైపు వెనక అంచును కొద్దికొద్దిగా అరగదీసి సమం చేయండి, కోసే అంచు జోలికి పోవద్దు. బోల్టును మాన్యువల్‌లో ఇచ్చిన బిగింపుకు టార్క్ రెంచితో బిగించండి. బ్లేడు మార్చినప్పుడు కొత్త బోల్టు, వాషర్ వేయమని మాన్యువల్‌లో రాసి ఉంటే పాతవి తిరిగి వాడొద్దు.